మూతకి ఎన్ని స్క్రూలు ఉండాలి?

(యువ ఇంజనీర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. హాల్లో చివరి సంవత్సరం విద్యార్థులు, ఉద్యోగంలో చేరి ఒకటి రెండేళ్లయినవాళ్లు ఎక్కువమంది ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. సంతోషం. పెద్ద సిస్టమ్ డిజైన్ చేసేటప్పుడు సేఫ్టీ, రిలయబిలిటీ, మెయింటెనెన్స్ లాంటి ప్రత్యేక శాఖల నిపుణులను ఎప్పుడు, ఎలా కలుపుకోవాలన్నది ఇవాళ్టి విషయం. వినడానికి ఇదేదో ఆఫీసు వ్యవహారంలా ఉంటుంది. కానీ దీనిమీద మనుషుల ప్రాణాలు ఆధారపడ్డ సందర్భాలున్నాయి. వాటి దగ్గరికి వస్తాను. ముందు ఒక చిన్న వస్తువుతో మొదలుపెడదాం.

సెల్ టవర్ కింద, రైలు పట్టాల పక్కన, ఇలా ఆరుబయట పెట్టే ఎలక్ట్రానిక్స్ బాక్సులు మీరు చూసే ఉంటారు. అల్యూమినియం బాక్సు, లోపల రెండు మూడు సర్క్యూట్ బోర్డులు, ఒక పవర్ సప్లై, పైన మూత. అలాంటిదాన్ని మనం డిజైన్ చేస్తున్నాం. మూతకి ఎన్ని స్క్రూలు పెట్టాలి?

మెకానికల్ వాళ్లను అడిగితే, బాక్సు చిన్నదే కదా, మూలకొకటి చొప్పున నాలుగు చాలు, వైబ్రేషన్‌కి మూత ఊడదు అంటారు. పక్క కుర్చీలో ఈఎంసీ ఇంజనీర్ ఉంటే వెంటనే అడ్డుపడతారు. ఈఎంసీ అంటే ఒక పరికరం నుంచి వచ్చే విద్యుదయస్కాంత తరంగాలు ఇంకో పరికరం పనిని చెడగొట్టకుండా చూసే శాఖ. రెండు స్క్రూల మధ్య మూతకీ బాక్సుకీ నడుమ సన్నటి సందు ఉంటుంది. కాగితం కూడా దూరనంత సన్నగా ఉన్నా సరే, రేడియో తరంగానికి అది యాంటెన్నాగా పనికొస్తుంది. సందు ఎంత వెడల్పన్నదానికంటే ఎంత పొడవన్నదే ముఖ్యం. 1 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 30 సెంటీమీటర్లు. అందులో సగం, అంటే 15 సెంటీమీటర్ల సందు దొరికితే ఆ తరంగం సులువుగా బయటికి వచ్చేస్తుంది. అందుకే సందు పొడవు తరంగం పొడవులో ఇరవయ్యో వంతు దాటకూడదని ఈఎంసీ వాళ్లు ఒక కొండగుర్తు పెట్టుకుంటారు. ఆ లెక్కన 1.5 సెంటీమీటర్లకు ఒక స్క్రూ కావాలి. అడుగు పొడవున్న ఒక్క అంచుకే ఇరవై. నాలుగు అంచులకీ కలిపి ఎనభై!

ఇన్ని స్క్రూలు వద్దు, కరెంటును పోనిచ్చే గాస్కెట్ పెడదాం అని ఒక దారి ఉంది. అయితే గాస్కెట్ పనిచేయాలంటే అంచు పొడవునా సమానంగా నొక్కుకుని ఉండాలి. స్క్రూలు తగ్గిస్తే మధ్యలో మూత వంగుతుంది. వంగకుండా మందం పెంచితే బరువు పెరుగుతుంది. పైగా గాస్కెట్‌లో ఉన్న లోహం వేరు, బాక్సు లోహం వేరు. మధ్యలోకి వాన నీళ్లు చేరాయంటే తుప్పు మొదలవుతుంది. కాబట్టి బయటివైపు నీళ్లు ఆపడానికి ఇంకో రబ్బరు గాస్కెట్ కావాలి. థర్మల్ ఇంజనీర్‌కి వేరే బాధ ఉంది. పవర్ సప్లై వేడి బాక్సు గోడల నుంచి మూతలోకి ఎక్కి పైకి పోవాలి, మీరు మధ్యలో రబ్బరు పెట్టి ఆ దారి మూసేశారు అంటారు. సేఫ్టీ వాళ్లు, మూత తీసిన మనిషికి షాక్ కొట్టకుండా, తెరవగానే సప్లై ఆగిపోయే స్విచ్ పెట్టమంటారు. ఇక మిగిలింది మెయింటెనెన్స్ ఇంజనీర్. మే నెల ఎండలో నిచ్చెన మీద నిలబడి, ఒక చేత్తో మూత పట్టుకుని ఇంకో చేత్తో స్క్రూలు విప్పే టెక్నీషియన్ తరఫున ఆ గదిలో మాట్లాడేది ఈ మనిషొక్కరే. క్లిప్పులు పెట్టండి బాబూ, స్క్రూ కింద పడితే గడ్డిలో ఎవరు వెతుకుతారు అంటారు.

వీళ్లలో తప్పు మాట్లాడినవాళ్లు ఎవరూ లేరు. అందరి లెక్కలూ సరైనవే. అయినా ఆ లెక్కలన్నీ పక్కపక్కన పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నా స్క్రూల సంఖ్య తేలదు. ఎందుకంటే దాని జవాబు మూత దగ్గర లేదు. బోర్డు పాడైతే బాక్సును సైటులోనే తెరిచి మారుస్తామా? లేక కనెక్టర్లు ఊడదీసి మొత్తం బాక్సునే మార్చేసి, పాడైనదాన్ని వర్క్‌షాపుకి తీసుకెళ్లి బాగుచేస్తామా? రెండోదే మన పద్ధతి అనుకుంటే నిచ్చెన మీద మూత తీసే పనే ఉండదు. ఎనభై స్క్రూలున్నా ఎవరికీ ఇబ్బంది లేదు. అయితే అప్పుడు స్పేర్ బాక్సులు ఎక్కువ కొనాలి. బాక్సు ఒక మనిషి ఎత్తగలిగే బరువులో ఉండాలి. కనెక్టర్లు పనిముట్లు లేకుండా చేత్తో తిప్పి తీయగలిగేవి అయ్యుండాలి. అంటే బడ్జెట్టు, బరువు, కనెక్టర్ల ఎంపిక అన్నీ కదులుతాయి. ఇదంతా బాక్సు బొమ్మ కూడా గీయని రోజుల్లో తేలాల్సిన సంగతి. ఆ రోజు మీటింగులో మెయింటెనెన్స్ మనిషి లేకపోతే, తర్వాత మూత దగ్గర జరిగే వాదనకి అంతు ఉండదు.

నేను ఇవాళ చెప్పదలుచుకున్న మాట ఇదే. నిర్ణయం జరిగే చోట స్పెషలిస్టు ఉండాలి. ఆ నిర్ణయం మారిన ప్రతిసారీ ఆ మనిషిని మళ్లీ పిలవాలి. ఇందులో రెండో సగాన్ని మనవాళ్లు ఎక్కువగా మర్చిపోతారు.

మామూలుగా జరిగేది ఏమిటి? పెద్ద సంస్థల్లో రిలయబిలిటీ, సేఫ్టీ, ఈఎంసీ, హ్యూమన్ ఫ్యాక్టర్స్ వాళ్లకు వేరే డిపార్ట్‌మెంట్ ఉంటుంది, వేరే హెడ్ ఉంటారు. ఒక్కొక్కరు నాలుగైదు ప్రాజెక్టులు చూస్తుంటారు. డిజైన్ రివ్యూకి వారం ముందు ఒక లావుపాటి డాక్యుమెంట్ వాళ్లకు వస్తుంది. వాళ్లు కామెంట్లు రాస్తారు. ప్రాజెక్టు వాళ్లు ఒక్కో కామెంట్ ఎదురుగా 'గమనించాం' అని రాసి మూసేస్తారు. అప్పటికే అచ్చులకి ఆర్డర్ వెళ్లిపోయింది, బోర్డులు తయారీలో ఉన్నాయి. స్లాబ్ వేసి ప్లాస్టరింగ్ కూడా అయ్యాక ప్లంబర్‌ని పిలిచినట్టు ఉంటుంది. ఆయన గోడలు పగలగొట్టాలి, లేదంటే పైపులు బయటే వేలాడదీయాలి. పాపం, రెండు సందర్భాల్లోనూ చెడ్డపేరు ఆయనకే.

స్పెషలిస్టుల వైపు లోపం లేదని నేను అనడం లేదు. స్టాండర్డ్‌లోంచి రెండు వందల క్లాజులు తీసి అన్నీ పాటించండి అని పంపేసేవాళ్లున్నారు. ఆ రెండు వందల్లో ఈ ప్రాజెక్టుని ముంచేవి ఏ అయిదో చెప్పరు. డిజైనర్ బల్ల దగ్గరికి వచ్చి, ఇక్కడ కేబుల్‌ని ఇంత దూరం జరిపితే నా సమస్య తీరుతుంది, దానివల్ల నీకు ఎంత బరువు పెరుగుతుంది అని అడిగే స్పెషలిస్టు వేరు. 'కుదరదు' అని చెప్పి వెళ్లిపోయే స్పెషలిస్టు వేరు. ఆ రెండో మనిషిని మళ్లీ ఎవరూ పిలవరు. మీలో కొందరు రేపు ఆ కుర్చీల్లో కూర్చుంటారు కాబట్టి చెబుతున్నాను.

ఇప్పుడు మొదట్నుంచీ కలుపుకుంటే ఏమవుతుందో చూద్దాం. హబుల్ స్పేస్ టెలిస్కోప్. 1990 ఏప్రిల్ 24న స్పేస్ షటిల్‌లో పైకి వెళ్లింది. కొన్ని వారాలకే బొమ్మలు మసకగా వస్తున్నాయని తేలింది. 2.4 మీటర్ల ప్రధాన అద్దాన్ని అరగదీసేటప్పుడు దాని అంచు దగ్గర ఉండాల్సినదానికంటే సుమారు 2.2 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఎక్కువ పోయింది. అద్దం ఆకారాన్ని కొలిచే పరికరంలోనే ఒక లెన్స్ ఉండాల్సిన చోటికి 1.3 మిల్లీమీటర్ల తేడాలో ఉండిపోయింది. బాధ కలిగించే విషయమేమిటంటే, వేరే రకం పరీక్షలు తేడా ఉందని చూపించాయి. ప్రధాన పరికరమే ఎక్కువ ఖచ్చితమైనదన్న నమ్మకంతో వాటిని పక్కన పెట్టారు. ఆ తేడాని చూసి, ఎందుకొచ్చిందో తేలేదాకా పని ఆపండి అని గట్టిగా పట్టుబట్టే అధికారం క్వాలిటీ శాఖకు అక్కడ లేకపోయింది.

అయినా హబుల్ బతికింది. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి పాత కెమెరా తీసి, అద్దం లోపాన్ని సరిచేసే ఆప్టిక్స్‌తో తయారైన కొత్త కెమెరా పెట్టారు. మిగతా పరికరాల కోసం టెలిఫోన్ బూత్ అంతటి ఇంకో యూనిట్ బిగించారు. ఇది సాధ్యపడింది ఎందుకంటే, అంతరిక్షంలో మనిషి వచ్చి భాగాలు మారుస్తాడని 1970ల్లోనే నిర్ణయించి దాని ప్రకారమే డిజైన్ చేశారు. పరికరాలకు ఒకే కొలతల పెట్టెలు. పెట్టె సరిగ్గా చోటులోకి వెళ్లడానికి పట్టాలు. చేతులకి పట్టుకోవడానికి రైలింగులు, కాళ్లు నిలపడానికి సాకెట్లు. గ్లవ్స్ వేసుకున్న చేతికి అందేలా బోల్టులు, కనెక్టర్లు. స్పేస్ సూట్ లోపల గాలి నిండి ఉంటుంది. పిడికిలి బిగించిన ప్రతిసారీ ఆ గాలిని ఎదిరించాలి. అలాంటి చేత్తో ఏడెనిమిది గంటలు పని చేసే మనిషికి ఏమేం కావాలో తెలిసినవాళ్లు డిజైన్ బల్ల దగ్గర ఉన్నారు. నీళ్ల ట్యాంకుల్లో నమూనాలు పెట్టి వ్యోమగాములతోనే చేయించి చూశారు. అద్దం అరగదీసినవాళ్లకి తెలియని తప్పును, మెయింటెనెన్స్ వాళ్లు ముందే ఉంచిన తలుపు కాపాడింది.

ఇదే హబుల్‌లో దీనికి సరిగ్గా వ్యతిరేకమైనది కూడా ఉంది. స్టిస్ అని ఒక స్పెక్ట్రోగ్రాఫ్‌ను, అంటే కాంతిని రంగులుగా విడదీసి చూసే పరికరాన్ని, 1997లో పెట్టారు. మొత్తం పెట్టెను మార్చడానికి వీలుంది. లోపలి బోర్డును మాత్రం అంతరిక్షంలో ఎవరూ ముట్టుకోరని అనుకున్నారు. 2004లో దాని పవర్ సప్లై పోయింది. ఒక్క బోర్డు మారిస్తే పరికరం బతుకుతుంది. ఆ బోర్డు మీదున్న మూతకి ఎన్ని స్క్రూలో తెలుసా? 111. చిన్న స్క్రూలు, విప్పితే ఎటైనా తేలుతూ పోయేవి. ఒక్కటి టెలిస్కోప్‌లోకి జారినా ప్రమాదమే. అందుకని నేల మీద ఇంజనీర్లు ఒక పారదర్శకమైన పలక తయారు చేశారు. దాన్ని మూత మీద బిగించి, దానికున్న చిల్లుల్లోంచి స్క్రూలు విప్పితే అన్నీ ఆ పలక వెనకాలే ఉండిపోతాయి. 2009 మే నెలలో వ్యోమగామి మైక్ మాసిమినో ఆ పనికి దిగారు. 111 స్క్రూల దాకా పోకముందే, అడ్డంగా ఉన్న రైలింగు తీస్తుంటే దాని బోల్టుల్లో ఒకదాని తల అరిగిపోయింది. ఇక పనిముట్టు పట్టడం లేదు. కింద నేల మీద అలాంటి రైలింగునే లాగి చూసి, ఎంత బలంతో లాగితే విరుగుతుందో లెక్క కట్టి పైకి చెప్పారు. ఆయన చేత్తో లాగి విరిచేశారు. తర్వాత 111 విప్పి, బోర్డు మార్చి, స్టిస్‌ను బతికించారు. ఆ స్పేస్‌వాక్‌కి ఎనిమిది గంటలు పట్టింది.

1997లో స్టిస్ మూతకి అన్ని స్క్రూలు పెట్టినవాళ్లని నేను తప్పుపట్టను. వాళ్లకి ఇచ్చిన రిక్వైర్‌మెంట్‌లో బోర్డు మార్చాలని లేదు. అందులో లేనిదాన్ని డిజైనర్ తనంతట తాను ఊహించి పెట్టలేడు. అందుకే రిక్వైర్‌మెంట్ రాసే రోజు చాలా విలువైనది. మన దగ్గర ఆ రోజు ఏం రాస్తారు? 'సిస్టమ్ సులభంగా రిపేర్ చేయగలిగేలా ఉండాలి' అని రాస్తారు. ఆ వాక్యాన్ని ఎవరూ పరీక్షించలేరు. నాకు సులభమైనది మీకు కాకపోవచ్చు. అదే వాక్యాన్ని మెయింటెనెన్స్ ఇంజనీర్‌తో రాయిస్తే ఇలా వస్తుంది: 'గ్లవ్స్ వేసుకున్న ఒక టెక్నీషియన్, కిట్‌లో ఉన్న పనిముట్లతోనే, సైటులో పవర్ సప్లైని 20 నిమిషాల్లోపు మార్చగలగాలి; విప్పిన స్క్రూ మూతకే అంటిపెట్టుకుని ఉండాలి.' ఇది చదివిన డిజైనర్‌కి ఏం చేయాలో తెలుస్తుంది. టెస్ట్ చేసేవాళ్లకి స్టాప్‌వాచ్ చాలు. ఈఎంసీ మనిషి కూడా వెంటనే, అలాగైతే మూత గాస్కెట్ గురించి ఇప్పుడే మాట్లాడుకుందాం అంటారు. సరిగ్గా రాసిన ఒక్క వాక్యం ముగ్గురిని ఒక బల్ల దగ్గరికి తెచ్చింది.

మనుషుల చూపు, ధ్యాస, తొందర, అలసట గురించి ఆలోచించే హ్యూమన్ ఫ్యాక్టర్స్ శాఖని చాలాచోట్ల ఇప్పటికీ రంగులు, బటన్లు చూసే శాఖ అనుకుంటారు. 1979 మార్చి 28న అమెరికాలో పెన్సిల్వేనియాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ఒత్తిడి పెరిగితే తెరుచుకునే ఒక రిలీఫ్ వాల్వు తెరుచుకుని మళ్లీ మూసుకోలేదు. కంట్రోల్ రూమ్‌లో దానికొక దీపం ఉంది. ఆ దీపం వాల్వు నిజంగా మూసుకుందా లేదా అన్నది చూపించదు. మూసుకోమని కరెంటు సిగ్నల్ వెళ్లిందా లేదా అన్నది మాత్రమే చూపిస్తుంది. దీపం ఆరింది, ఆపరేటర్లు వాల్వు మూసుకుందనుకున్నారు. రెండు గంటలకు పైగా రియాక్టర్‌లోని నీళ్లు పోతూనే ఉన్నాయి. అదే సమయంలో వందకు పైగా అలారాలు మోగుతున్నాయి. ఎలక్ట్రికల్ డ్రాయింగు ప్రకారం ఆ దీపంలో లోపమేమీ లేదు. అర్ధరాత్రి షిఫ్టులో ఆ దీపాన్ని చూసే మనిషి ఏమనుకుంటాడన్న ప్రశ్న మాత్రం డ్రాయింగు దగ్గర ఎవరూ అడగలేదు.

ఇక రెండో సగం దగ్గరికి వస్తాను. నిర్ణయం మారినప్పుడు మళ్లీ పిలవడం. దీనికి బోయింగ్ 737 మ్యాక్స్ కంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు. ఇందులో 346 మంది చనిపోయారు. 2018 అక్టోబరు 29న జకార్తా నుంచి బయల్దేరిన లయన్ ఎయిర్ విమానంలో 189 మంది, 2019 మార్చి 10న అడిస్ అబాబా నుంచి నైరోబీకి బయల్దేరిన ఇథియోపియన్ విమానంలో 157 మంది. రెండో విమానంలో మన ఆంధ్రకు చెందిన ఒకరు కూడా ఉన్నారు. కాబట్టి ఇది ఎక్కడో జరిగిన సంగతి కాదు. కొంచెం వివరంగా చెబుతాను, ఓపిక పట్టండి.

మ్యాక్స్‌కి పాత 737 కంటే పెద్ద ఇంజన్లు కావాల్సి వచ్చింది. వాటిని రెక్క కింద కొంచెం ముందుకీ పైకీ జరిపి బిగించారు. దాంతో ముక్కు బాగా పైకెత్తిన కొన్ని సందర్భాల్లో విమానం ఇంకా పైకి లేవాలని చూస్తుంది. దాన్ని సరిచేయడానికి ఎంక్యాస్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టారు. అవసరమైనప్పుడు తోక దగ్గరి అడ్డరెక్కని, అంటే స్టెబిలైజర్‌ని, తనంతట తానే కదిపి ముక్కును కిందికి దించుతుంది. మొదటి డిజైన్‌లో ఇది ఎక్కువ వేగంలో అరుదుగా వచ్చే పరిస్థితి కోసమే. పని మొదలుపెట్టాలంటే రెండు సంకేతాలు రావాలి: గాలికీ విమానానికీ మధ్య కోణం ఎక్కువగా ఉందని ఒకటి, విమానం గట్టిగా మలుపు తిరిగినప్పుడు దాని మీద బరువులా పడే జి బలం ఎక్కువగా ఉందని ఒకటి. స్టెబిలైజర్‌ని కదిపే హద్దు 0.6 డిగ్రీలు. ఇంతవరకు దీన్ని విమానాన్నే కూల్చేంత ప్రమాదంగా ఎవరూ లెక్క వేయలేదు, వేయకపోవడానికి కారణమూ ఉంది.

తర్వాత టెస్ట్ ఫ్లైట్లలో, తక్కువ వేగంలో కూడా విమానం ప్రవర్తన మార్చాల్సి ఉందని తేలింది. ఎంక్యాస్‌నే అక్కడికీ విస్తరించారు. తక్కువ వేగంలో జి బలం పెరగదు కాబట్టి ఆ రెండో సంకేతాన్ని తీసేశారు. వేగం తక్కువైతే అదే ప్రభావానికి స్టెబిలైజర్ ఎక్కువ కదలాలి కాబట్టి హద్దును 2.5 డిగ్రీలకు పెంచారు. పైలట్ స్విచ్‌తో స్టెబిలైజర్‌ని వెనక్కి జరిపి (ట్రిమ్ చేసి) ఆపినా, కొన్ని సెకన్లకు మళ్లీ మొదలుపెట్టగలదు. కోణం కొలిచే సెన్సర్లు విమానానికి రెండున్నా, ఎంక్యాస్ ఒకసారికి ఒక్కదాని మాటే వింటుంది.

ఫ్లైట్ కంట్రోల్ ఇంజనీర్ కంటితో చూస్తే ఇందులో ప్రతి మార్పుకీ ఒక కారణం ఉంది. కానీ సేఫ్టీ కంటితో చూస్తే ఇది పాత సిస్టమ్ కానే కాదు. రెండు సంకేతాలు కావాల్సింది ఒకటయింది, బలం నాలుగు రెట్లయింది, మళ్లీ మళ్లీ పనిచేయగలదు. ఆ రోజే సేఫ్టీ విశ్లేషణను మొదటి పేజీ నుంచి తిరగరాయాల్సింది. అలా జరగలేదు. ఒక్క సెన్సర్ తప్పు చెబితే ఏమవుతుందన్న ప్రశ్నకి, పైలట్ కొన్ని సెకన్లలో గుర్తుపట్టి సరిచేస్తాడన్న ఊహే జవాబుగా మిగిలింది. పైలట్లకు ఇచ్చిన మాన్యువల్‌లో ఎంక్యాస్ సంగతి వివరించనే లేదు.

ఇక్కడ హ్యూమన్ ఫ్యాక్టర్స్ లోటు చూడండి. 2019 సెప్టెంబరులో అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ తన సిఫార్సుల్లో ఈ విషయాన్నే ఎత్తి చూపింది. సిమ్యులేటర్‌లో ఎంక్యాస్ పొరపాటున పనిచేస్తే పైలట్ ఏం చేస్తాడో పరీక్షించారు. అయితే స్టెబిలైజర్ కదలికని ఒక్కదాన్నే పెట్టి పరీక్షించారు. అసలు అది పొరపాటున పనిచేయడానికి కారణం సెన్సర్ చెడిపోవడం కదా. సెన్సర్ చెడిపోతే దానివెంట ఇంకెన్నో వస్తాయి. పైలట్ చేతిలోని కంట్రోల్ కాలమ్ గడగడా వణుకుతుంది, వేగం రీడింగులు కలవడం లేదని హెచ్చరిక వస్తుంది, ఎత్తు రీడింగులు కలవడం లేదని ఇంకోటి వస్తుంది. టేకాఫ్ అయిన నిమిషంలో, నేలకి దగ్గరగా, ఇవన్నీ ఒకేసారి మీద పడితే మనిషి బుర్ర ఏం చేస్తుందన్నది ఆ పరీక్షలో లేదు. లయన్ ఎయిర్ విమానంలో సెన్సర్ 21 డిగ్రీలు తేడాగా చెప్పింది. ఎంక్యాస్ ముక్కును దించుతూనే ఉంది, కెప్టెన్ ఇరవైసార్లకు పైగా దాన్ని ఎత్తుతూనే ఉన్నాడు.

సిమ్యులేటర్ గదిలో సేఫ్టీ ఇంజనీర్, సెన్సర్ తయారీ తెలిసిన మనిషి, మనిషి ధ్యాస గురించి చదువుకున్న మనిషి, ముగ్గురూ ఒక్క మధ్యాహ్నం కలిసి కూర్చుని ఉంటే? 'ఇది ఎందుకు చెడుతుంది? చెడినప్పుడు ఇంకా ఏం మోగుతాయి?' ఈ రెండు ప్రశ్నలు చాలు. ఈ విషయం తలుచుకున్నప్పుడల్లా నాకు కోపం, దుఃఖం రెండూ వస్తాయి. దాచుకోను. ఆ పరిజ్ఞానం ఆ సంస్థలో లేక కాదు. ఉన్నవాళ్లు వేర్వేరు గదుల్లో ఉన్నారు. ఇరవై నెలల పాటు విమానాలు నేల మీదే ఉన్న తర్వాత వచ్చిన దిద్దుబాట్లు చూడండి: రెండు సెన్సర్లనూ పోల్చాలి, తేడా 5.5 డిగ్రీలు దాటితే ఎంక్యాస్ పనిచేయకూడదు, ఒక సంఘటనకి ఒక్కసారే కదలాలి, పైలట్ కాలమ్ లాగి ఎదిరించగలిగినంతకు మించి కదలకూడదు. ఇందులో కొత్తగా కనిపెట్టాల్సిన సైన్స్ ఏమీ లేదు.

మన దగ్గర సరిగ్గా జరిగిన పనినీ చెప్పాలి. చంద్రయాన్-2 ల్యాండర్ 2019 సెప్టెంబరు 7న దిగేటప్పుడు కూలిపోయింది. ఇంజన్లు అనుకున్నదానికంటే ఎక్కువ థ్రస్ట్ (నెట్టే బలం) ఇచ్చాయి, తేడాలు పేరుకున్నాయి, వాటిని సరిదిద్దుకోవడానికి ల్యాండర్ వేగంగా తిరగాల్సి వస్తే తిరిగే వేగానికి సాఫ్ట్‌వేర్‌లో హద్దు ఉంది, దిగాల్సిన చోటేమో 500 మీటర్ల చదరమే. ఒక్కొక్కటి విడిగా చూస్తే భరించదగ్గదే. అన్నీ కలిశాయి. చంద్రయాన్-3కి వచ్చేసరికి ఏది చెడవచ్చో ముందు రాసుకుని, అది చెడినా దిగగలగాలని డిజైన్ చేశామని అప్పటి ఇస్రో ఛైర్మన్ సోమనాథ్ గారు వివరించారు. దిగే ప్రదేశాన్ని 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు. సెకనుకి 3 మీటర్ల వేగంతో తాకినా తట్టుకునేలా కాళ్లు గట్టిపరిచారు. ఇంధనం, సౌర ఫలకాలు పెంచారు, వేగం కొలిచే కొత్త లేజర్ పరికరం పెట్టారు, మధ్యలో ఉన్న అయిదో ఇంజన్ తీసేశారు.

ఇందులో నన్ను ఆకట్టుకునేది బరువు లెక్క. ల్యాండర్ 1,471 కిలోల నుంచి 1,752 కిలోలకు పెరిగింది. మొత్తం చంద్రయాన్ బరువు మాత్రం 3,850 నుంచి 3,900 కిలోలకే పెరిగింది. రాకెట్ మోయగలిగిన హద్దు అక్కడే ఉంది కదా. చంద్రయాన్-2 ఆర్బిటర్ అప్పటికే చంద్రుడి చుట్టూ తిరుగుతోంది కాబట్టి మళ్లీ ఆర్బిటర్ పంపలేదు, ల్యాండర్‌ని చంద్రుడి దాకా మోసుకెళ్లే, ఆర్బిటర్ కంటే తేలికైన మాడ్యూల్ మాత్రమే పెట్టారు. అక్కడ మిగిలిన కిలోల్లో చాలావరకు ల్యాండర్‌కి దక్కాయి. కాళ్ల వాళ్లు నాకు కావాలంటారు, ఇంధనం వాళ్లు నాకంటారు, పవర్ వాళ్లు నాకంటారు. ఎవరికి ఎంత ఇస్తే దిగే అవకాశం ఎక్కువ పెరుగుతుందో అందరి లెక్కలూ ఒకేచోట పెట్టుకుని తేల్చుకోవాలి. సిస్టమ్స్ ఇంజనీర్ అసలు పని ఇదే. శ్రీహరికోట నుంచి బయల్దేరిన ఆ ల్యాండర్ 2023 ఆగస్టు 23న దిగిన సాయంత్రం మీరంతా టీవీ ముందే ఉండి ఉంటారు.

పద్ధతి గురించి ఒక్క మాట చెప్పి ప్రశ్నలకి వెళ్తాను. డిజైన్‌లో ఏదైనా మార్చడానికి ఒక చేంజ్ ఫారం ఉంటుంది కదా. అందులో ఖర్చు, గడువు, బరువు అని గళ్లుంటాయి. దానికి ఇంకో గడి చేర్చండి: 'ఈ మార్పు వల్ల ఎవరి పాత విశ్లేషణ చెల్లకుండా పోతుంది?' పేర్లు రాయాలి, శాఖ పేరు రాస్తే సరిపోదు. ఆ మనిషి చదివి, నా లెక్క ఇంకా నిలబడుతుందనో, మళ్లీ చేయాలనో రాసి సంతకం పెట్టేదాకా మార్పు ముందుకు పోకూడదు. అలాగే ప్రతి స్పెషలిస్టూ తన రిపోర్టు మొదటి పేజీలోనే, నేను ఫలానా ఫలానా విషయాలు నమ్మి ఈ లెక్క చేశాను అని రాయాలి. 'రెండు సంకేతాలు వస్తేనే పనిచేస్తుంది', 'హద్దు 0.6 డిగ్రీలు' లాంటివి. అప్పుడు వాటిలో ఏది మారినా ఎవరిని పిలవాలో వెతుక్కోనక్కర్లేదు.

వెనక వరుసలో అమ్మాయి చేయి ఎత్తింది. చెప్పమ్మా.

(ప్రశ్న: తమ స్టార్టప్‌లో ఏడుగురే ఉన్నారని, పొలాల్లో మందు కొట్టే డ్రోన్ తయారు చేస్తున్నారని, ఇంతమంది స్పెషలిస్టులను ఎక్కడి నుంచి తేవాలని ఆమె అడిగారు.)

మంచి ప్రశ్న. ఉద్యోగం ఇచ్చి పెట్టుకోనక్కర్లేదమ్మా, సరైన సమయంలో ఒక పూట తెచ్చుకుంటే చాలు. మీ డ్రోన్‌లో దిక్సూచి సెన్సర్ ఉంటుంది. మోటార్లకు వెళ్లే తీగల్లో పెద్ద కరెంటు పారుతుంది. ఆ తీగల పక్కనే సెన్సర్ పెడితే థ్రాటిల్ పెంచినప్పుడల్లా దిక్కు తప్పుగా చూపిస్తుంది. ఈ సంగతి ఈఎంసీ తెలిసిన మనిషి మీ ఫ్రేమ్ బొమ్మ చూసి పది నిమిషాల్లో చెబుతారు. ఫ్రేమ్ తయారయ్యాక తెలిస్తే దాన్ని మార్చడానికి నెల పడుతుంది. ఇక మెయింటెనెన్స్‌కి మీ దగ్గర అసలైన స్పెషలిస్టు ఉన్నాడు, డ్రోన్ నడిపే కుర్రాడు. గట్టు మీద నిలబడి పది పదిహేను నిమిషాలకోసారి బ్యాటరీ మార్చాలి, ట్యాంకు నింపాలి. చేతికి మందు తడి అంటిన గ్లవ్స్ ఉంటాయి. ఆ తడి బ్యాటరీ కనెక్టర్‌లోకి పోతే కొన్నాళ్లకి పిన్నులు తుప్పు పడతాయి. ట్యాంకు మూత ఎక్కడుంది, బ్యాటరీ ఎక్కడుంది, నింపేటప్పుడు ఒలికితే ఎటు కారుతుంది? అట్టతో, థర్మకోల్‌తో ఒక నమూనా చేసి, నీళ్లు పోసి, ఆ కుర్రాడి చేత గ్లవ్స్ వేయించి బ్యాటరీ మార్పించండి. మీరు పక్కన నిలబడి ఏమీ చెప్పకుండా చూడండి. ఎక్కడ తడబడతాడో అక్కడ మీకు ఒక రిక్వైర్‌మెంట్ దొరుకుతుంది.

ఫ్రేమ్ డ్రాయింగ్ ఎంతవరకు వచ్చింది? ఇంకా ఫైనల్ చేయలేదా? అయితే ఈ వారంలోనే చేయండి. కార్యక్రమం అయ్యాక నా దగ్గరికి రా అమ్మా, ఈఎంసీ తెలిసినవాళ్లతో మాట్లాడిస్తాను.